సేకరణా, విచారణా? నల్లగొండ నేల పర్యావరణ వివాదాల్లో పూర్వపక్షం స్థానం

తెలుగు విమర్శలో తరచు కనిపించే పలుకుబడి ఒకటుంది. ‘ఆ వాదాన్ని ఆయన పూర్వపక్షం చేశారు’ అంటాం. ఖండించారని, నిలవకుండా చేశారని మన ఉద్దేశం. శాస్త్ర పరిభాషలో ఆ మాట అర్థం ఇది కాదు. న్యాయ, మీమాంసా గ్రంథాల్లో పూర్వపక్షమంటే సిద్ధాంతానికి ముందు నిలబెట్టవలసిన ఎదుటి పక్షం. సిద్ధాంతి తన మాట చెప్పడానికి ముందు తనతో విభేదించేవాని మాటను, అతడే వచ్చి చెప్పుకున్నా అంతకంటే గట్టిగా చెప్పలేడన్నంత బలంగా చెప్పాలి. అలా నిలబెట్టడానికి పుట్టిన మాట మన వాడుకలో పడగొట్టడానికి పర్యాయపదమైంది. అర్థవిపరిణామానికి ఉదాహరణగా తరగతిలో చెప్పి వదిలేయదగిన విషయమే ఇది. అయితే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో నీరు, గాలి, నేల గురించి కొన్ని దశాబ్దాలుగా సాగుతున్న వివాదాలనూ, వాటి చుట్టూ పుట్టిన పాటనూ కవితనూ ప్రభుత్వ పత్రాన్నీ కలిపి చదివినప్పుడు ఈ నష్టం నిఘంటువుతో ఆగలేదనిపిస్తుంది. విభేదించేవాని మాటను పూర్తిగా విని, దాన్ని దానిగా చెప్పి, ఆ తరువాత జవాబివ్వడమనే రచనారూపమే మన పర్యావరణ చర్చలో లోపించింది. ఈ వ్యాసం ఆ లోపాన్ని రెండు చోట్ల చూపుతుంది. ఒకటి మన సాహిత్యం, రెండోది ‘ప్రజాభిప్రాయ సేకరణ’ అనే పాలనా ప్రక్రియ. మొదటిదాని విషయంలో మన విమర్శకులకూ బాధ్యత ఉంది కనుక అక్కడినుంచే మొదలుపెడతాను.

ఎదుటిపక్షం లేని దుఃఖం

ఉమ్మడి నల్లగొండ జిల్లా పర్యావరణ రచనకు మూలధాతువు ఫ్లోరైడ్. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఫ్లోరైడ్ ఉండవచ్చునని, వేరే నీరు దొరకని చోట 1.5 మిల్లీగ్రాముల దాకా ఓర్చుకోవచ్చునని భారతీయ ప్రమాణాలు చెబుతాయి. మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు గ్రామాల్లో భూగర్భజలం ఈ హద్దును ఎంతగానో దాటింది. గారపట్టిన పళ్ళు, వంగిన వెన్ను, వంకరపోయిన కాళ్ళు ఆ ఊళ్ళ ఆనవాళ్ళయ్యాయి. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ పటికతో, సున్నంతో నీటిని శుద్ధిచేసే విధానాన్ని రూపొందిస్తే అది శాస్త్రలోకంలో ‘నల్లగొండ పద్ధతి’గా స్థిరపడింది. వ్యాధికీ, దాని నివారణకూ ఒకే జిల్లా పేరు గుర్తుకురావడం అరుదు.

ఈ దుఃఖం నుంచి వచ్చిన అసమ్మతి రూపాల్లో అత్యంత విశిష్టమైనది కవిత కాదు, నామినేషన్ పత్రం. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది అభ్యర్థులు నిలిచారు. తాగునీటి సమస్యను దేశం దృష్టికి తేవడానికి జలసాధన సమితి ఎంచుకున్న మార్గమది. ఆ సమితిని నడిపిన దుశ్చర్ల సత్యనారాయణ సూర్యాపేట ప్రాంతం వారు. మోతె మండలం రాఘవాపురంలో సొంత భూమిలో దాదాపు 70 ఎకరాల అడవిని కాపాడుకుంటూ వస్తున్న వ్యక్తిగా నేటి తరానికి ఆయన తెలుసు. ఆ ఎన్నికలో గెలిచిన బొమ్మగాని ధర్మభిక్షం కూడా సూర్యాపేట వారే. నిలిచినవారిలో దాదాపు అందరూ ధరావతు కోల్పోయారు. అదే సంవత్సరం ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి లోక్‌సభ అభ్యర్థి ధరావతును 500 రూపాయల నుంచి 10,000 రూపాయలకు పెంచారు. గుర్తింపు పొందిన పార్టీల అభ్యర్థులు కానివారికి పదిమంది ప్రతిపాదకులు ఉండాలన్నారు. ఆ ఏడాది తమిళనాడులోని మొడకురిచ్చి శాసనసభ స్థానంలో వెయ్యిమందికి పైగా, కర్ణాటకలోని బెల్గాంలో నాలుగు వందలకు పైగా నిలిచారు కనుక ఈ సవరణకు నల్లగొండ ఒక్కటే కారణం అనలేం. అయినా వరస చూడదగ్గది. అసమ్మతి ఒక పత్రరూపాన్ని వాడుకుంది, వ్యవస్థ ఆ పత్రం ధర పెంచింది. నీటి ప్రశ్నకు జవాబు మాత్రం ఆ సవరణలో వెతికినా దొరకదు.

సాహిత్యంలోకి వస్తే, ఫ్లోరైడ్ మీద వచ్చిన పాటలకు, కవితలకు ఒక ఉమ్మడి నిర్మాణం ఉంది. మాట్లాడేవాడు సాక్షి. దేహమే సాక్ష్యం. వినవలసినవాడు పాలకుడు. మూడోవాడు ఉండడు. తెలంగాణ ఉద్యమకాలంలో సభావేదికల మీద ఊపందుకున్న నల్లగొండ గోస పాటలన్నింటిదీ ఇదే అమరిక. ఈ అమరిక పనిచేసింది, అవసరమైన కాలంలో అవసరమైన పని చేసింది. దాని విజయానికి ఒక కారణం మాత్రం మనం గమనించలేదు. ఫ్లోరైడ్‌కు వకీలు లేడు. ఫ్లోరైడ్ నీళ్ళే తాగాలని వాదించేవాడు ఏ ఊళ్ళోనూ లేడు. కృష్ణా నీటిని ఎవరికి ముందు ఇవ్వాలన్నదే వివాదం. సాగర్ ఎడమకాలువ, అంటే లాల్‌బహదూర్ కాలువ, పారిన మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు ఆయకట్టుకూ, అది ఎక్కని మెట్ట ప్రాంతానికీ మధ్య ఉన్న తేడా అది. ఆ తేడాను కూడా మన కవిత ఎక్కువగా తడమలేదు. జిల్లా మొత్తం ఒకే దేహంగా, ఒకే గొంతుతో మూలిగింది.

ఎదుటిపక్షమే లేని ఒక దుఃఖం దగ్గర మన పర్యావరణ కవిత అచ్చుపోసుకుంది. ఆ అచ్చు తరువాతి వివాదాలకు సరిపోదు.

ఒకే ఇంట్లో రెండు పక్షాలు

కోదాడకు దక్షిణాన మేళ్ళచెరువు, మఠంపల్లి మండలాలు కృష్ణానది ఒడ్డున సున్నపురాయి పొరల మీద ఉన్నాయి. అక్కడినుంచి పడమటగా దామరచర్ల దాకా సిమెంటు కర్మాగారాలు, గనులు వరుసగా కనిపిస్తాయి. మిర్యాలగూడ ధాన్యం మిల్లుల పట్టణం. కోతల కాలంలో మిల్లుల ముందు ట్రాక్టర్లు బారులు తీరతాయి. ధాన్యం ఉడకబెట్టిన నీరు, ఊక కాలిన బూడిద ఆ పట్టణానికి ఎప్పటినుంచో ఉన్న తగాదా. దామరచర్ల మండలం వీర్లపాలెం దగ్గర 800 మెగావాట్ల యూనిట్లు ఐదింటితో, 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రానికి 2015 జూన్‌లో శంకుస్థాపన జరిగింది.

మఠంపల్లి వైపు ఒక ఇంటిని ఊహించుకుందాం. తండ్రి రెండెకరాల పత్తిరైతు. ఆకు మీద తెల్లని పొర కడుతోందని, పూత నిలవడం లేదని అతని ఫిర్యాదు. పెద్దకొడుకు అదే కర్మాగారంలో కాంట్రాక్టు కార్మికుడు. చిన్నకొడుకు లారీ కొనుక్కొని క్లింకర్ తోలుతున్నాడు. కర్మాగారం విస్తరణ మీద సభ పెడితే ఈ ఇంటినుంచి కనీసం రెండు అభిప్రాయాలు వస్తాయి, రెండూ నిజాయితీగానే వస్తాయి. మిర్యాలగూడ మిల్లు పొగకు దగ్గే రైతే తన ధాన్యం ఆ మిల్లుకే అమ్ముకోవాలి. ఇక్కడ పాలకుడు, పీడితుడు అనే ఇద్దరితో కథ నడవదు. ఫ్లోరైడ్ అచ్చులో పోసిన కవిత ఈ ఇంట్లోకి వస్తే కొడుకుని అమ్ముడుపోయినవాడని అనవలసి వస్తుంది, లేదా అతడు లేనట్లు నటించవలసి వస్తుంది. మన సంకలనాల్లో ఎక్కువగా జరిగింది రెండోది. కాలుష్యం మీద కవితలు చదివితే పరిశ్రమలో పనిచేసేవాడు ఒక పాత్రగా ఎదురుపడడం అరుదు. పొగగొట్టం ఉంటుంది, దాని కింద జీతం తీసుకునే మనిషి ఉండడు.

విమర్శ దీన్ని లోపంగా ఎత్తిచూపవలసింది పోయి మెచ్చుకుంటూ వచ్చింది. గత రెండు మూడు దశాబ్దాల పర్యావరణ విమర్శలో ‘ఆర్తి’, ‘ఆవేదన’, ‘పల్లె విధ్వంసం’ అనే మాటలు ప్రమాణాలుగా మారాయి. పోయినదాని మీద శోకం ఎంత గాఢంగా ఉంటే కవిత అంత గొప్పది. శోకగీతంలో ఎదుటివాడికి మాట్లాడే చోటు ఉండదు, అది ఆ ప్రక్రియ స్వభావం. ఒక ప్రక్రియ స్వభావాన్ని మొత్తం పర్యావరణ చింతనకు కొలబద్ద చేయడం మాత్రం విమర్శకుల తప్పు. నేనూ అలాంటి వ్యాసాలు రాశాను కనుక ఈ మాట కొంచెం సంకోచంతోనే అంటున్నాను.

అడ్డు ప్రశ్నకు చోటున్న రూపాలు ఈ నేలకు తెలియనివి కావు. సాయుధపోరాట కాలం నుంచి ఇక్కడ ఊరూరా ఆడిన బుర్రకథలో ముగ్గురుంటారు. కథకుడు చెబుతుంటే ఒక వంత రాజకీయం మాట్లాడతాడు, ఇంకొక వంత హాస్యం పేరుతో ప్రేక్షకుని సందేహాన్ని తనమీద వేసుకొని అడుగుతాడు. ఆ ప్రశ్న ముందే రాసిపెట్టుకున్నదే కావచ్చు. అయినా కథ ఆగి జవాబు చెప్పి ముందుకు పోవాలన్న నియమం ఆ రూపంలో ఉంది. పర్యావరణం మీద వచ్చిన ఏకపాత్ర గీతాల్లో ఆ హాస్యపు వంత స్థానం ఖాళీగా ఉంది. నవలకు ఈ అవకాశం ఇంకా ఎక్కువ. చంద్రలత ‘దృశ్యాదృశ్యం’ నదీ ప్రాజెక్టునూ ముంపునూ, అక్కినేని కుటుంబరావు ‘కొల్లేటి జాడలు’ ఒక సరస్సు చుట్టూ అల్లుకున్న జీవితాన్నీ ఇతివృత్తాలుగా తీసుకోవడానికి నవలనే ఎంచుకోవడం యాదృచ్ఛికం కాదు. సిమెంటు పట్టీ మీద, ధాన్యం మిల్లుల మీద అలాంటి విస్తృతి ఉన్న నవల నేను చదవలేదు.

‘సేకరణ’ అనే మాట

పాలనా ప్రక్రియ దగ్గరికి వస్తే, అక్కడ మొదట పరిశీలించవలసింది దాని పేరు. పర్యావరణ ప్రభావ మదింపుపై కేంద్రప్రభుత్వ ప్రకటన 1994 జనవరిలో వచ్చింది. అందులోకి బహిరంగ సభను తెచ్చిన సవరణ 1997 ఏప్రిల్‌లో జరిగింది. ప్రస్తుతం అమలులో ఉన్నది 2006 సెప్టెంబర్ 14 నాటి ప్రకటన. ఆంగ్లమూలంలో ఈ సభకు వాడిన పదం ‘పబ్లిక్ హియరింగ్’. అందులోని ప్రధాన క్రియ వినడం. తెలుగు పత్రికలూ, అధికారులూ, ఉద్యమకారులూ కూడా దాన్ని ‘ప్రజాభిప్రాయ సేకరణ’ అంటున్నారు. ఇక్కడి ప్రధాన క్రియ పోగుచేయడం. విన్నవాడికి జవాబు చెప్పే బాధ్యత ఉంటుంది. పోగుచేసినవాడికి లెక్క చెప్పే బాధ్యత మాత్రమే ఉంటుంది. మరునాటి జిల్లా పేజీ వార్తలు ఈ లెక్కనే ఇస్తాయి: ఇంతమంది మాట్లాడారు, అధికులు స్వాగతించారు, కొందరు వ్యతిరేకించారు. ఎవరు ఏ కారణం చెప్పారు, దానికి ఏ జవాబు వచ్చింది అన్నది చివరి పేరాలోకి కూడా రాదు.

అనువాదం తప్పని చెప్పి ఊరుకుంటే సరిపోదు. ఆ పేరు ప్రక్రియ అసలు స్వభావాన్ని దాచకుండా చెప్పిందేమోనన్న అనుమానం నాకుంది. 2006 ప్రకటన నాలుగో అనుబంధాన్ని ఒక పాఠంగా చదువుదాం. సభకు ముందు కనీసం 30 రోజుల గడువివ్వాలి. జిల్లా కలెక్టర్ లేదా ఆయన నియమించిన, అదనపు కలెక్టర్‌కు తగ్గని హోదా గల అధికారి అధ్యక్షత వహించాలి. హాజరుకు కనీస సంఖ్య అక్కర్లేదు. మొత్తం వీడియో తీయాలి. ప్రాజెక్టు ప్రతినిధి నివేదిక సారాంశాన్ని వివరించాలి. హాజరైన ప్రతి ఒక్కరికీ సమాచారం అడిగే, వివరణ కోరే అవకాశం ఇవ్వాలి. చివరగా సభా కార్యక్రమ సారాంశాన్ని స్థానిక భాషలో సభకు చదివి వినిపించి, అంగీకారం పొందిన మినిట్స్‌పై కలెక్టర్ సంతకం చేయాలి. ప్రజలు లేవనెత్తిన అంశాలనూ, వాటిపై ప్రాజెక్టు యాజమాన్యం వ్యాఖ్యలనూ ఒక పట్టికగా స్థానిక భాషలోనూ ఆంగ్లంలోనూ తయారుచేసి దానికి జతచేయాలి. పంచాయతీ కార్యాలయాల్లో అందరికీ కనిపించేలా పెట్టాలి.

నిబంధనగా ఇది చెడ్డది కాదు. చాలామంది ఉద్యమకారులకే ఇందులో ఇన్ని హక్కులున్నాయని తెలియదు. అయితే ఆ చివరి పట్టిక నిర్మాణం చూడండి. మొదటి గడిలో ప్రజల మాట. రెండో గడిలో యాజమాన్యం మాట. మూడో గడి లేదు. ఆ జవాబు ప్రశ్నకు సరిపోయిందా లేదా అని తేల్చేవాని మాట ఎక్కడా అంశంవారీగా నమోదు కాదు. జవాబు ప్రశ్న అడిగినవానికి తిరిగి చేరి, అతడు ‘నేనడిగింది ఇది కాదు’ అనే అవకాశమూ లేదు. పూర్వపక్షం ఉంది, ఉత్తరం ఉంది, నిర్ణయం కనిపించదు. కేంద్రంలోని నిపుణుల సంఘం తరువాత చర్చించి సిఫారసు చేస్తుంది. కాని పత్తి మీద దుమ్ము గురించి అడిగిన రైతు, ఆ సిఫారసులో తన ప్రశ్న ఏమైందో పోల్చుకోలేడు.

రెండు గడుల మధ్య భాష కూడా మారిపోతుంది. రైతు ‘దుమ్ము’ అంటాడు, నివేదిక ‘ధూళి కణాలు’ అంటుంది. రైతు ఆకు గురించి మాట్లాడతాడు, నివేదిక ఘనపు మీటరు గాలి గురించి మాట్లాడుతుంది. 10 మైక్రాన్లకు లోపలి ధూళి కణాలు 24 గంటల సగటున ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు మించరాదన్నది 2009 నుంచి జాతీయ ప్రమాణం. కొలత ఆ హద్దులోపలే ఉండవచ్చు, ఆకు మీద పొర కూడా నిజమే కావచ్చు. పది మైక్రాన్లకంటే పెద్ద రేణువు ఊపిరితిత్తుల లోపలికి పోకపోయినా ఆకు మీద వాలుతుంది. ఒకరు అబద్ధమాడితే తప్ప ఇంకొకరు నిజం చెప్పలేని పరిస్థితి కాదిది. ఇద్దరూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు చెబుతున్నారు. అసమ్మతి ఫలించాలంటే ముందు ఇద్దరూ ఒకే ప్రశ్న దగ్గరికి రావాలి. ఆ పని భాషది, అంటే కొంతవరకు మనది.

ఇంకొక మాట, ‘బూడిద చెరువు’. థర్మల్ కేంద్రంలో బొగ్గు కాలిన బూడిదను నీటితో కలిపి నిలవచేసే కట్టడానికి మనవాళ్ళు స్థిరపరచిన పేరిది. తెలంగాణలో చెరువంటే చేప, కట్టమైసమ్మ, బతుకమ్మ, ఊరికి అన్నం. బూడిద నిల్వకు ఆ పేరు పెట్టిన అనువాదకునికి దురుద్దేశం ఉండి ఉండదు, ఆంగ్లపదాన్ని మక్కికి మక్కి దించాడంతే. కాని ఆ పేరుతో సభలో మాట్లాడుతున్నప్పుడు ఒక పక్షం ముందే కొంత గెలిచి ఉంటుంది.

భాష విషయంలో అన్నిటికంటే బరువైన సంగతి మరొకటి. నిబంధన ‘స్థానిక భాష’ అంటుంది. కాగితం మీద అది తెలుగు. దామరచర్ల చుట్టూ, సాగర్ వెనుకజలాల దగ్గర పెద్దవూర వైపు లంబాడా తండాలు చాలా ఉన్నాయి. ఆ ఇళ్ళల్లో మొదటి భాష గోర్ బోలీ. ముసలమ్మ తన నేల గురించి భయపడేది ఆ భాషలోనే. రాష్ట్రభాషగా తెలుగుకు అన్యాయం జరిగితే నిలదీయడం మనకు తెలుసు. 2020లో కొత్త పర్యావరణ మదింపు ముసాయిదాను ఆంగ్ల హిందీల్లో మాత్రమే ప్రకటించినప్పుడు, దాన్ని ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో అందించాలని ఢిల్లీ హైకోర్టు ఆ ఏడాది జూన్ 30న ఆదేశించింది. తెలుగువారంతా సంతోషించదగ్గ తీర్పది. ఆ 22లో గోర్ బోలీ లేదు. అదే న్యాయాన్ని ఒక మెట్టు కిందికి దించితే తెలుగే పెద్దభాష స్థానంలో నిలుస్తుంది.

‘విచారణ’ అనే మాట

ఇదే రాష్ట్రంలో, ఇదే విద్యుత్ రంగంలో, ఇంకొక సభ ఉంది. విద్యుత్ ఛార్జీలు నిర్ణయించేముందు విద్యుత్ నియంత్రణ మండలి జరిపే సభను తెలుగులో ‘బహిరంగ విచారణ’ అంటారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో ఏర్పడిన మండలి నుంచి నేటి తెలంగాణ మండలి దాకా ఈ పద్ధతి కొనసాగుతోంది. పంపిణీ సంస్థ ప్రతిపాదనలు ప్రకటిస్తుంది. ఎవరైనా లిఖితపూర్వకంగా అభ్యంతరం పంపవచ్చు. సంస్థ దానికి లిఖితపూర్వకంగా జవాబివ్వాలి. తరువాత సభలో మండలి సభ్యుల ఎదుట వాదన. చివరి ఉత్తర్వులో అంశంవారీగా మూడు భాగాలుంటాయి: అభ్యంతరం, సంస్థ జవాబు, మండలి అభిప్రాయం. మూడో గడి ఇక్కడుంది.

మీమాంసకుల అధికరణ నిర్మాణం తెలిసినవారికి ఇది కొత్తగా అనిపించదు. విషయం, సంశయం, పూర్వపక్షం, ఉత్తరపక్షం, నిర్ణయం అన్న వరసే ఇది. తన అభ్యంతరాన్ని తోసిపుచ్చినా సరే, దాన్ని ఏ కారణంతో తోసిపుచ్చారో రైతుసంఘం ప్రతినిధి ఆ పుటలో చూసుకోగలడు. మరుసటి ఏడాది ఆ కారణాన్నే పట్టుకొని ఇంకా పదునైన అభ్యంతరంతో వస్తాడు. ఓడిన వాదం వృథా కాదు, పాఠంలో నిలుస్తుంది. ఛార్జీల సభల్లో ఏళ్ళతరబడి వాదించిన సామాన్యులు కొందరు ఇంజనీర్లకు దీటుగా ఎదగడానికి ఈ నిర్మాణమే కారణమని నా అంచనా. ఆ ఉత్తర్వులు ప్రధానంగా ఆంగ్లంలో ఉండడం పెద్ద లోటే. రూపం మాత్రం సరైనది.

యాదాద్రి కేంద్రం కథను ఈ రెండు పేర్ల వెలుగులో చూడవచ్చు. దానికి 2017లో ఇచ్చిన పర్యావరణ అనుమతిని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2022లో నిలిపివేసి, వాడే బొగ్గు సహా కొన్ని అంశాలపై అధ్యయనం మళ్ళీ చేయమంది. వీర్లపాలెంలో 2024 ఫిబ్రవరిలో మరోసారి ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. అప్పటికి నిర్మాణం చాలా భాగం పూర్తయింది. కళ్ళముందు పొగగొట్టాలు లేచిన తరువాత ‘కట్టాలా వద్దా’ అన్న ప్రశ్న మిగలదు, ఉద్యోగాలు, పరిహారం, రోడ్లు మిగులుతాయి. జనం వాటినే అడుగుతారు, అడగడం న్యాయమే. కాలం దాటిన తరువాత వచ్చిన ప్రశ్నకు జనం సరైన జవాబే చెప్పారు.

ఇక్కడ ఆ కేంద్రాన్ని కట్టాలన్నవారి పక్షాన్ని దాని పూర్తి బలంతో చెప్పకపోతే ఈ వ్యాసం తన మాట తానే తప్పినట్టు. 2014లో రాష్ట్రం ఏర్పడేనాటికి తెలంగాణలో విద్యుత్ కొరత తీవ్రం. సాగులో అధికభాగం బోర్ల మీద, బోర్లు కరెంటు మీద ఆధారపడ్డాయి. రాత్రిపూట వచ్చే కరెంటు కోసం పొలానికి పోయి పాముకాటుకు, షాకుకు చనిపోయిన రైతుల వార్తలు ప్రతి వేసవిలోనూ చదివాం. కృష్ణానీరు, రైలుమార్గం దగ్గరలో ఉన్న చోట ప్రభుత్వరంగంలోనే పెద్ద కేంద్రం కట్టడం ఆ నేపథ్యంలో దుర్మార్గమో మూర్ఖత్వమో కాదు. దీనికి ఎదురుగా బొగ్గు గనులు దూరమన్న వాదం, అధికభాగం అటవీభూమి పోయిందన్న వాదం, సౌరవిద్యుత్ ధర పడిపోతున్న కాలంలో పాతికేళ్ళ బొగ్గుభారం ఎందుకన్న వాదం ఉన్నాయి. నాకు రెండోవైపే మొగ్గు. కాని మొదటిదాన్ని చెప్పకుండా రెండోదానిపై రాసిన కవిత దామరచర్ల రైతును ఒప్పించలేదు. అతనికి రాత్రి కరెంటు గుర్తుంది.

ఇదే కేంద్రంతో సహా విద్యుత్ ఒప్పందాలపై రాష్ట్రప్రభుత్వం వేసిన న్యాయవిచారణ సంఘం విషయంలో 2024 జూలైలో సుప్రీంకోర్టు లేవనెత్తిన అభ్యంతరం కూడా పరిశీలించదగ్గది. విచారణ ముగియకముందే సంఘం అధ్యక్షులు పత్రికాసమావేశంలో అభిప్రాయాలు వెల్లడించారన్నది ఆ అభ్యంతరం. దాంతో వేరొకరిని నియమించవలసి వచ్చింది. విచారణలో పూర్వపక్షం ముగిసేదాకా సిద్ధాంతి నోరు విప్పరాదన్న పాత నియమాన్నే న్యాయస్థానం తన భాషలో చెప్పింది.

మొలకకు కంప

ఈ వాదానికి ఎదురయ్యే బలమైన ఆక్షేపం ఒకటుంది. కర్మాగారం ఒకవైపు, తండా ఒకవైపు ఉన్నప్పుడు ‘ఎదుటివాని మాట బలంగా చెప్పు’ అని బలహీనునికి ఉపదేశించడం ఏమిటి? ‘నిర్మాణాత్మక విమర్శ చేయండి’ అన్నది ఎప్పుడూ కుర్చీలో ఉన్నవారు వాడే మాట కాదా? ‘వద్దు’ అన్న ఒక్క మాట చెప్పే హక్కు లేదా?

ఉంది. లంబాపూర్, పెద్దగట్టు దగ్గర యురేనియం గనుల ప్రతిపాదన మీద 2003లో, 2005లో జరిగిన సభలు ఇందుకు ఉదాహరణ. నాగార్జునసాగర్ జలాశయం పక్కన, ఆ నీటినే తాగే కోట్లమందికి ఎగువన, ఆ తవ్వకం వద్దని తండాలూ, హక్కుల సంఘాలూ, శాస్త్రజ్ఞులూ గట్టిగా అడ్డుపడ్డారు. అనుమతి కాగితాలు కదిలినా అక్కడ గని రాలేదు. అదే ఆందోళన నల్లమలకు పాకినప్పుడు 2019 సెప్టెంబర్‌లో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలను వ్యతిరేకిస్తూ తీర్మానించింది. పెద్దగట్టు రైతు ప్రత్యామ్నాయ ఇంధన విధానం రాసిచ్చి ఉండాలని ఎవరూ అనలేరు.

న్యాయశాస్త్రం ఈ సందర్భాన్ని ఊహించింది. గౌతముడు చర్చను వాదం, జల్పం, వితండ అని మూడుగా విభజించాడు. వాదం తత్త్వనిర్ణయం కోసం, గురువుతోనో సహాధ్యాయితోనో అసూయ లేకుండా జరిగేది. జల్పం గెలుపు కోసం. వితండలో తన పక్షమంటూ నిలబెట్టకుండా ఎదుటిపక్షాన్ని కొట్టివేయడమే ఉంటుంది. తెలుగులో వితండవాదమంటే తిట్టు. కాని న్యాయసూత్రాల నాలుగో అధ్యాయం జల్ప వితండలకూ ఒక ప్రయోజనం చెబుతుంది: మొలకను కాపాడటానికి చుట్టూ ముళ్ళకంప వేసినట్టు, కుదురుకుంటున్న సత్యాన్ని కాపాడటానికి అవి పనికొస్తాయి. రైతుకు తెలిసిన పోలిక. పెద్దగట్టు ‘వద్దు’ అలాంటి కంప. మొలక లేని చేలో కంప మాత్రమే మిగిలితే అది వేరే సంగతి. మేళ్ళచెరువులో, మిర్యాలగూడలో ఫ్యాక్టరీ ఇప్పటికే ఉంది, కొడుకు అందులో ఉన్నాడు. అక్కడ కంప వేస్తే ఇంటి మధ్యలో వేయాలి.

పూర్వపక్షం చెప్పే బాధ్యత ఇద్దరిమీదా సమానంగా ఉండదన్నదే నా జవాబు. బలవంతుని మీద అది ఎక్కువ. మహాభారత సభాపర్వంలో ద్రౌపది అడిగిన ప్రశ్నకు కౌరవసభ జవాబు చెప్పలేదు. ధర్మం సూక్ష్మమన్నాడు భీష్ముడు. వికర్ణుడు మాట్లాడితే కర్ణుడు కసిరాడు. సభకు వచ్చి ప్రశ్న అడిగినవారికి జవాబు చెప్పకపోతే ఆ దోషం సభ్యులను అంటుతుందని విదురుడు హెచ్చరించాడు. ప్రశ్న అడిగినవారు మర్యాదగా అడిగారా లేదా అన్నది అక్కడ చర్చకే రాలేదు.

మన శాఖలు ఈ పనిలోకి దిగడానికి ఆటంకం పెద్దగా లేదు. ఉమ్మడి జిల్లాలో 1997 నుంచి జరిగిన పర్యావరణ సభల మినిట్స్, వాటికి జతపడిన తెలుగు పట్టికలు కాలుష్య నియంత్రణ మండలి దస్త్రాల్లో, కొన్ని పంచాయతీ కార్యాలయాల్లో ఉన్నాయి. వాటిలో ఈ ప్రాంతపు రైతులు, కూలీలు, మిల్లు గుమాస్తాలు, ఉపాధ్యాయులు మాట్లాడారు, ఎక్కువగా గుమాస్తా తెలుగులోకి మారిపోయి మాట్లాడారు. మాండలికం ఎక్కడ చెరిగింది, ‘దుమ్ము’ ఎక్కడ ‘ధూళి’ అయింది, ఏ ప్రశ్నకు రెండో గడిలో ‘గమనించాము’ అన్న ఒక్క మాటే వచ్చింది అన్నవి ఒక పరిశోధక విద్యార్థి మూడేళ్ళపాటు చేయదగ్గ పని. వీడియో దొరికిన చోట అతడు నోటిమాటను, నమోదైన మాటను పక్కపక్కన పెట్టగలడు. దామరచర్ల, పెద్దవూర సభలకైతే గోర్ బోలీ వచ్చిన విద్యార్థి కావాలి. అలాంటి విద్యార్థులు ఇప్పుడు మన తరగతుల్లోనే ఉన్నారు.